బిడ్డ కొలతనుబట్టి: ఆటిజం ఉన్న పసివారి ఎదుగుదలకు మన తోడ్పాటు



మార్కు సువిశేషం ఏడవ అధ్యాయంలో (7:31–37) ఒక చిన్న సంఘటన ఉన్నది. దెకపొలి ప్రాంతంలో చెవుడు గల ఒక మనిషిని, మాట సరిగా రానివానిని, కొందరు క్రీస్తునాథుని వద్దకు తీసుకొని వచ్చారు. అతని మీద చేయి ఉంచమని మాత్రమే వారు వేడుకున్నారు. ప్రభువు అక్కడే, అందరి ఎదుట, ఒక్క మాటతో ఆ పని చేయగలరు. కాని ఆయన అలా చేయలేదు. మొదట ఆ మనిషిని గుంపులో నుండి పక్కకు తీసుకొనిపోయారు. అతని చెవులలో వేళ్లు పెట్టారు. నాలుకను తాకారు. ఆకాశం వైపు చూచారు. చివరకు ఒకే ఒక చిన్న మాట పలికారు.

ఈ వరుసను గమనించండి. చెవులు వినబడని మనిషికి మాటలతో బోధించి ప్రయోజనం లేదు. కనుక ప్రభువు అతనికి అందే భాషలో, అంటే స్పర్శతో, సైగతో, చూపుతో మాట్లాడారు. గోల లేని చోట మాట్లాడారు. అతడు తన వద్దకు ఎదిగి వచ్చేదాకా ఆగలేదు. తానే అతడున్న చోటికి దిగి వెళ్లారు.

ఆ మనిషికి ఉన్నది చెవుడు. ఈ వారం మనం ధ్యానించబోయేది ఆటిజం ఉన్న పసిబిడ్డలను గురించి. రెండూ ఒకటి కావు. అయినా బిడ్డ ఉన్న చోటికి వెళ్లి, బిడ్డకు అందే తీరులో, కొంచెం కొంచెంగా నేర్పడమనే ప్రభువు పద్ధతినే నేటి వైద్యులూ, ప్రత్యేక ఉపాధ్యాయులూ వారి తల్లిదండ్రులకు చెబుతున్నారు. మన ఇళ్లూ, మన దేవాలయాలూ ఈ పద్ధతిని నేర్చుకోవలసిన అవసరం ఎంతో ఉన్నది.

ఆటిజం అంటే ఏమిటి?

ఆటిజం అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, పెంపకంలో లోపం కాదు. బిడ్డ మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా అది. బిడ్డ పుట్టకముందే దాని మూలాలు పడతాయి. జీవితాంతం ఉంటుంది. ముఖ్యంగా అది రెండు చోట్ల కనబడుతుంది. ఒకటి, ఇతరులతో కలిసే తీరు: చూపు కలపడం, పిలిస్తే పలకడం, తన సంతోషాన్ని మరొకరితో పంచుకోవడం, మాటను మాటకు జవాబుగా వాడటం. రెండవది, చేసిన పనినే తిరిగి తిరిగి చేయడం, చిన్న మార్పును కూడ ఓర్చుకోలేకపోవడం, చప్పుడు, వెలుగు, వాసన, స్పర్శ వంటివాటికి మనకంటే చాలా ఎక్కువగానో, తక్కువగానో స్పందించడం.

ఇది అందరిలో ఒకే తీరుగా ఉండదు. ఒక బిడ్డకు ఒక్క మాట కూడ రాదు. మరొక బిడ్డ రైళ్ల పేర్లన్నీ వరుసగా అప్పజెబుతాడు గాని, పక్క పిల్లవాడు ఏడుస్తుంటే ఏమి చేయాలో అతనికి తోచదు. కొందరికి బుద్ధిమాంద్యమో, మూర్ఛలో తోడవుతాయి. కొందరు చదువులో ముందుంటారు. మగపిల్లలలో ఎక్కువమందిని గుర్తిస్తున్నారు. ఆడపిల్లలయితే "సిగ్గరి పిల్లలే" అన్న మాట కింద మరుగున పడిపోతుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నది. ఆ లెక్కన రెండు వేలమంది ఉన్న ఒక విచారణలో పదిహేనుమంది దాకా ఉండాలి. ఆదివారం దివ్యబలిపూజలో వారు ఎక్కడ కూర్చుంటున్నారు? చాలాచోట్ల వారు కనబడరు. ఇంటి దగ్గర తల్లో, అమ్మమ్మో కాపలా ఉండి, మిగిలినవారు పూజకు వస్తున్నారు.

తప్పు ఎవరిది?

పుట్టుగుడ్డివానిని చూచి శిష్యులు ప్రభువును ఒక ప్రశ్న అడిగారు: పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా? ఇద్దరూ కాదని ప్రభువు తేల్చి చెప్పారు (యోహాను 9:1–3). రెండు వేల సంవత్సరాల తరువాత ఆ ప్రశ్ననే మనం మన వసారాలలో కూర్చుని అడుగుతున్నాము. "గ్రహణం నాడు బయటికి వచ్చిందట" అని ఒకరు, "అది వాళ్ల పుట్టింటి వైపు నుంచి వచ్చింది" అని మరొకరు, "ఉద్యోగమని బిడ్డను పట్టించుకోలేదు" అని ఇంకొకరు. ఎటు తిరిగినా వేలు చూపేది తల్లివైపే.

ఈ పొరపాటు చదువులేనివారే చేశారని అనుకోకండి. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల వివరాలను ప్రచురించిన తరువాతనే ఈ స్థితికి వైద్యలోకంలో గుర్తింపు వచ్చింది. ఆ తరువాత ఇంచుమించు ముప్పై ఏళ్లపాటు, తల్లి ప్రేమ చల్లబడినందువల్లనే బిడ్డ ఇలా అయ్యాడని గొప్ప పండితులే చెప్పారు. చికాగోలో బ్రూనో బెట్టెల్‌హైమ్ 1967లో ఈ అభిప్రాయంతో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించారు. అంతకుముందే, 1964లో, ఆటిజం ఉన్న కుమారునికి తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దానిని ఖండించి, కారణం మెదడు నిర్మాణంలోనే ఉన్నదని వాదించారు. 1977లో బ్రిటన్‌లో 21 జతల కవలలను పరిశీలించినప్పుడు, ఒకే అండం నుండి పుట్టిన కవలలలో ఒకరికి ఉంటే రెండవవారికి కూడ ఉండే అవకాశం చాలా ఎక్కువని తేలింది. జన్యువుల పాత్ర పెద్దదని నేడు అందరూ అంగీకరించారు. ఆ జన్యువులు తండ్రి వైపు నుండి రావచ్చు, తల్లి వైపు నుండి రావచ్చు, ఇద్దరిలోనూ లేని మార్పు బిడ్డలోనే కొత్తగా కలగవచ్చు.

తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా వల్ల ఆటిజం వస్తుందన్న భయం కూడ కొన్ని కుటుంబాలలో ఉన్నది. 1998లో ఇంగ్లండులో 12 మంది పిల్లల ఆధారంగా వెలువడిన ఒక వ్యాసం ఆ భయానికి మూలం. దానిని ప్రచురించిన వైద్యపత్రిక 2010లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను పరిశీలించి 2019లో వెలువరించిన నివేదిక కూడ ఆ టీకాకు, ఆటిజానికి సంబంధం లేదని చూపించింది. కనుక ఈ భయంతో బిడ్డకు టీకాలు మానవద్దు.

తల్లీ, ఇది నీ తప్పు కాదు. తండ్రీ, ఇది మీ వంశానికి అవమానం కాదు. తప్పు ఎవరిదని వెతకడంలో గడిచిన ఏడాది, బిడ్డ ఎదుగుదలలో పోయిన ఏడాది అని మాత్రం గుర్తుంచుకోండి.

ఎప్పుడు మేలుకోవాలి?

పసివయస్సులో మెదడు త్వరగా మలచబడుతుంది. అందుకే రెండేళ్లకు మొదలుపెట్టిన సాయం, ఆరేళ్లకు మొదలుపెట్టిన సాయం ఒకటి కావు. ఈ కింది గుర్తులను గమనించండి.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం. ఏడాదిన్నర వచ్చినా కావలసిన వస్తువును వేలితో చూపకపోవడం, బొమ్మనో పక్షినో చూచి "చూడమ్మా" అన్నట్లు మీ ముఖంలోకి చూడకపోవడం. ఏడాదిన్నరకు ఒక్క మాట కూడ లేకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి సొంతగా అనకపోవడం. మనం అన్న మాటనే చిలకలా తిరిగి అనడం తప్ప, తన అవసరానికి మాటను వాడకపోవడం. వచ్చిన మాటలు పోవడం. బొమ్మబండిని నడపక దాని చక్రాన్ని మాత్రమే గంటలకొద్దీ తిప్పడం. మిక్సీ చప్పుడుకో, ప్రెషర్ కుక్కర్ ఈలకో చెవులు మూసుకొని విలవిలలాడటం.

వీటిలో ఒకటి ఉన్నంత మాత్రాన ఆటిజం అని కాదు. కొన్ని కలిసి కనబడితే, లేదా వచ్చిన మాటలు పోతే, ఆ నెలలోనే పిల్లల వైద్యునికి చూపించండి. మొట్టమొదట వినికిడి పరీక్ష చేయించండి.

మన ఇళ్లలో ఏమి జరుగుతున్నది? "వాళ్ల నాన్నకు కూడ నాలుగేళ్లకు గాని మాటలు రాలేదు" అని నాయనమ్మ అంటుంది. "బడిలో వేస్తే అన్నీ అవే వస్తాయి" అని మేనమామ అంటాడు. నాలుగో ఏడు వెళ్లిపోతుంది. ఈలోగా తాయెత్తులు, అంత్రాలు, దిష్టి తీయడాలు అన్నీ అయిపోతాయి. మరికొందరు ఫిబ్రవరి 11న గుణదల మాత సన్నిధికి వచ్చి, బిడ్డకు మాటలు వస్తే తలనీలాలు ఇస్తామని మొక్కుకొంటారు. మరియమ్మ పాదాల చెంతకు రావడం మంచిదే. కాని మొక్కు పేరుతో వైద్యుని వద్దకు పోకుండా ఉండటం విశ్వాసం కాదు. వైద్యుని సృజించినది కూడ దేవుడేననీ, అతని సేవను గౌరవించమనీ సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం మనకు బోధిస్తున్నది. ప్రార్థన చేయండి, పరీక్షా చేయించండి.

ఇల్లే మొదటి బడి

పునీత తోమాసు అక్వినాసు తన రచనలలో తరచుగా వాడిన సూత్రం ఒకటి ఉన్నది: దేనినైనా పుచ్చుకొనేది, పుచ్చుకొనేవాని తీరునుబట్టే ఉంటుంది. సెమినరీలో తత్వశాస్త్రం చదివే విద్యార్థులందరూ దీనిని నేర్చుకొంటారు. పాత్ర మూతి సన్నగా ఉంటే నీటిని సన్న ధారగా పోయాలి, బిందెతో గుమ్మరిస్తే అంతా నేలపాలవుతుంది. ఆటిజం ఉన్న బిడ్డకు నేర్పడంలో సూత్రమంతా ఇదే. ఇంట్లో చేయదగినవి కొన్ని చెబుతాను.

మొదటిది, బిడ్డ చూపును అనుసరించండి. మన తల్లులు చందమామను చూపి గోరుముద్దలు తినిపిస్తారు. అందులో గొప్ప చదువు ఉన్నది. తల్లి వేలు చూపుతుంది. బిడ్డ వేలును కాక చందమామను చూస్తుంది. మళ్లీ తల్లి ముఖంలోకి చూచి నవ్వుతుంది. ఒకే వస్తువును ఇద్దరూ కలిసి చూస్తున్నారన్నమాట. మాటకు పునాది ఇదే. ఆటిజం ఉన్న బిడ్డకు ఈ మెట్టు కష్టం. మీరు చందమామను చూపితే అతడు మీ గాజులనో, తిరిగే ఫ్యానునో చూస్తూ ఉంటాడు. అప్పుడు గడ్డం పట్టుకొని ముఖం తిప్పవద్దు. మీరే అతడు చూస్తున్న దానిని చూడండి. "ఫ్యాను. తిరుగుతోంది" అనండి. అతడు చక్రం తిప్పుతుంటే ఎదురుగా నేలమీద కూర్చుని మీరూ ఒక చక్రం తిప్పండి. కొన్నాళ్లకు, తిప్పుతున్న ఆ మనిషి ఎవరా అని అతడు తల ఎత్తి చూస్తాడు. అక్కడినుండి ఆట మొదలవుతుంది.

రెండవది, తక్కువ మాట్లాడండి, ఎక్కువ ఆగండి. "బంగారం, ఇలా రా నాన్నా, చెప్పులు వేసుకొని తొందరగా వెళ్దాం" అంటే అతనికి అది ఒక శబ్దాల గుట్ట. "చెప్పులు" అని చూపించి, మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. అతనికి అర్థం చేసుకోవడానికి ఆ వ్యవధి కావాలి. కావలసినదంతా అడగకముందే అందించవద్దు. అతనికి ఇష్టమైన బిస్కెట్టు అరముక్క ఇచ్చి ఆగండి. చూపుతోనో, చేతితోనో, "ఊ" అన్న శబ్దంతోనో అడిగితే వెంటనే ఇవ్వండి. అడిగితే ఫలితం ఉంటుందని బిడ్డకు తెలియాలి.

మూడవది, బొమ్మలతో చెప్పండి. వీరిలో చాలామందికి విన్నదానికంటే చూచినది బాగా నిలుస్తుంది. అన్నం పళ్లెం, నీళ్ల గ్లాసు, స్నానం, బడి, నిద్ర: వీటి ఫొటోలనో, గీసిన బొమ్మలనో అట్టల మీద అంటించి గోడకు వరుసగా పెట్టండి. ఒక పని కాగానే ఆ అట్టను తీసివేయండి. తరువాత ఏమి జరుగుతుందో కనబడితే వారి భయం తగ్గుతుంది. బొమ్మలు వాడితే మాటలు రావేమోనని భయపడవద్దు. బొమ్మలు మాటకు అడ్డుపడవు, చాలామందికి మాటవైపు దారి చూపుతాయి. ప్రయాణమో, పెళ్లో ఉంటే ముందురోజే బొమ్మతో చెప్పండి.

నాలుగవది, చేష్ట వెనుక మాటను వినండి. నోటితో చెప్పలేని బిడ్డ ఒంటితో చెబుతాడు. తల గోడకు కొట్టుకొంటుంటే చెవిపోటో, పంటినొప్పో, కడుపునొప్పో ఉన్నదేమో చూడండి. కేకలు వేస్తుంటే దానికి ముందు ఏమి జరిగింది, తరువాత మీరు ఏమి చేశారు అన్నది ఒక వారం రోజులు కాగితం మీద రాయండి. కారణం చాలావరకు ఆ కాగితంలోనే దొరుకుతుంది. కొట్టడం వల్ల అతడు నేర్చుకొనేది ఒక్కటే: మనుషుల దగ్గరకు వెళ్లకూడదని.

అయిదవది, సెల్‌ఫోను సంగతి. ఫోను వల్ల ఆటిజం రాదు. కాని ఫోను చేతిలో ఉన్నంతసేపూ బిడ్డకు మనిషి ముఖం దొరకదు. ఏడాది నిండిన బిడ్డకు తెర అసలు వద్దనీ, రెండు నుండి నాలుగేళ్లవారికి రోజుకు గంటకు మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించే వేళ ఫోనును పక్కన పెట్టి, దోబూచులాట, తప్పట్లు, ఉప్పుమూట వంటి మన పాత ఆటలకు చోటు ఇవ్వండి. ఒకరి తరువాత ఒకరు ఆడటం అందులోనే నేర్చుకొంటారు.

ఇదంతా పెద్ద చదువులు చదివినవారు తప్ప చేయలేరని అనుకోవద్దు. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లల కుటుంబాలతో జరిగిన ఒక పరిశీలన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అక్కడ తల్లిదండ్రులకు నేర్పింది వైద్యులు కాదు, శిక్షణ పొందిన సామాన్య ఆరోగ్య కార్యకర్తలు. రెండు వారాలకొకసారి, ఆరు నెలలపాటు వారు ఆ కుటుంబాలను కలిశారు. బిడ్డతో ఆడుకోవడంలో తల్లిదండ్రుల తీరు మారింది. పిల్లలు తమంతట తాముగా తల్లిదండ్రులను పలకరించడం పెరిగింది. మన పల్లెలలో కూడ ఇది సాధ్యమే.

ఒక హెచ్చరిక. ఆటిజాన్ని పూర్తిగా తీసివేసే మందు లేదు. మూలకణాల చికిత్స అనీ, రక్తశుద్ధి అనీ లక్షలు గుంజేవారిని నమ్మి పొలాలు అమ్ముకోవద్దు. బిడ్డ ఆటిజం లేనివాడుగా మారడం మన లక్ష్యం కాదు. అతడు తన కొలతలో ఎదగడం మన లక్ష్యం: తన పని తాను చేసుకోవడం, కావలసినది చెప్పగలగడం, మనుషుల మధ్య సంతోషంగా ఉండగలగడం.

ఎక్కడికి వెళ్లాలి?

జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులలో, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, పిల్లల ఎదుగుదల లోపాలను చూచే కేంద్రాలు ఏర్పడ్డాయి. అంగన్‌వాడీ కార్యకర్తనో, ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెబుతారు. మండలాలలో ప్రభుత్వ పాఠశాలలకు అనుబంధంగా భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించబడిన జాతీయ సంస్థ ఉన్నది. బుద్ధిమాంద్యం గలవారి కోసం ఏర్పడిన ఆ సంస్థలో ఆటిజం ఉన్న పిల్లలను కూడ పరీక్షించి, తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తారు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. వైకల్య శాతం 40కి తగ్గకుండా ధ్రువపత్రం ఉన్న బిడ్డకు 6 నుండి 18 సంవత్సరాల వరకు ఉచిత విద్య హక్కు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉన్నది, ఏటా లక్ష రూపాయల వరకు. ధ్రువపత్రం తీసుకొంటే బిడ్డకు ముద్ర పడుతుందనీ, అక్క పెళ్లికి అడ్డమవుతుందనీ దాచిపెట్టేవారు ఉన్నారు. ఆ కాగితం బిడ్డ అవమానానికి గుర్తు కాదు, బిడ్డ హక్కుకు తాళంచెవి.

దేవాలయంలో ఆ బిడ్డకు చోటు

ఇక మనందరి వంతు. సౌండు బాక్సుల హోరు, కీబోర్డు, డోలక్, గంట, సాంబ్రాణి పొగ, పండుగనాటి టపాసులు: ఇవి మనకు ఉత్సాహం. చప్పుడును ఓర్చుకోలేని బిడ్డకు అవి దెబ్బలు. అతడు చెవులు మూసుకొని అరిస్తే ముందు వరుసలవారు వెనుదిరిగి చూస్తారు. "పిల్లవాణ్ణి అదుపులో పెట్టుకోవాలి కదమ్మా" అని ఒకరంటారు. మరుసటి ఆదివారం ఆ తల్లి రాదు. ఆ తరువాత ఎప్పటికీ రాదు. ఆమె విశ్వాసం తగ్గి కాదు, మన చూపులు మోయలేక.

చేయదగినవి చిన్నవే. వారంలో దేవాలయం ఖాళీగా ఉన్న ఒక సాయంత్రం బిడ్డను తీసుకొని రండి. బలిపీఠం, కొవ్వొత్తి, మరియమ్మ స్వరూపం చూపించి, ముట్టుకోనివ్వండి. మొదట అయిదు నిమిషాలు, తరువాత పది. ఆదివారం జనం తక్కువగా ఉండే మొదటి పూజకు, బాక్సులకు దూరంగా, తలుపుకు దగ్గరగా కూర్చోండి. అవసరమైతే బయటికి వెళ్లి మళ్లీ రండి. బయటి వేపచెట్టు కింద నిలుచున్నా మీరు పూజలో భాగమే. గంట మోగబోయే ముందు బిడ్డ చెవులపై చేయి ఉంచండి. పూజలోని భాగాలను ఆరేడు బొమ్మలుగా గీయించి ఒక చిన్న పుస్తకం కుట్టండి. ఉపదేశులు, సిస్టర్లు ఈ పని సులభంగా చేయగలరు.

దివ్యసంస్కారాల విషయంలో చాలామందికి సందేహం ఉన్నది: మాటలు రాని బిడ్డకు ప్రథమ దివ్యసత్ప్రసాదం ఎలా? జపాలు అప్పజెప్పలేడు కదా? పునీత పదవ పయస్ పోపుగారు 1910లోనే చిన్నబిడ్డలకు దివ్యసత్ప్రసాదం వాయిదా వేయవద్దని ఆజ్ఞాపించారు. బిడ్డ తన శక్తి మేరకు విశ్వాస విషయాలను గ్రహించి, ఇది మామూలు రొట్టె కాదని తెలుసుకొంటే చాలునని ఆయన బోధ. 2020లో వాటికన్ వెలువరించిన సత్యోపదేశ మార్గదర్శిని, వైకల్యం ఉన్నవారికి దివ్యసంస్కారాలను ఎవరూ నిరాకరించరాదని స్పష్టంగా చెప్పింది. అప్పం రుచి, స్పర్శ కొత్తయి ఉమ్మివేస్తాడేమోనని భయమైతే, ఇంకా ప్రతిష్ఠించని అప్పాలతో కొన్ని వారాలు ఇంట్లో అలవాటు చేయించవచ్చు. సత్ప్రసాదపు చిన్న తునకలో కూడ క్రీస్తునాథుడు సంపూర్ణంగా వేంచేసి ఉంటారన్నది మన విశ్వాసం, కనుక తునక చాలు. మీ విచారణ గురువుతో ముందుగా మాట్లాడండి.

బుద్ధి, మాట పూర్తిగా వికసించినందువల్ల మనం మనుషులం కాలేదు. దేవుడు తన పోలికలో సృజించినందువల్ల మనుషులమయ్యాము. ఒక వ్యక్తి విలువ అతడు చేయగల పనిలో లేదు, అతని ఉనికిలోనే ఉన్నది. 2014 నవంబరులో పోపు ఫ్రాన్సిస్‌గారు ఆటిజం ఉన్నవారిని, వారి కుటుంబాలను వాటికన్‌లో కలిసికొన్నప్పుడు, వారి ఒంటరితనాన్నీ, వారిపై పడిన అపవాదునూ తొలగించడానికి అందరూ పూనుకోవాలని కోరారు. ఆ పని మన బెంచీల వద్దే మొదలవుతుంది.

ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత ఆలోచించుకొనుటకు

1. మన వీధిలో, మన బంధువులలో మాట రాని బిడ్డ ఎవరైనా ఉన్నారా? ఆ తల్లితో మనం ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడాము? సలహా ఇవ్వడానికి కాక, ఆమె చెప్పేది వినడానికి వెళ్లగలమా?

2. ఆదివారం ఒక గంటసేపు ఆ బిడ్డను మనం చూచుకొంటే ఆ తల్లిదండ్రులిద్దరూ కలిసి పూజలో పాల్గొనగలరు. మన ఇంటిలో ఎవరు ఆ పని చేయగలరు?

3. ఆ ఇంట్లో అన్నో, అక్కో ఉంటే వారిని ఎవరైనా పట్టించుకొంటున్నారా? వారికి ఒక సాయంత్రం ఇవ్వగలమా?

4. యువజన సంఘం, విన్సెంట్ డి పాల్ సభ సభ్యులు ధ్రువపత్రం కోసం ఆసుపత్రికి తిరిగే ఒక కుటుంబానికి తోడుగా వెళ్లగలరా?

దెకపొలిలోని ఆ మనిషి ఒంటరిగా ప్రభువు వద్దకు రాలేదు. కొందరు అతనిని తీసుకొని వచ్చారు. వారి పేర్లను సువిశేషం చెప్పలేదు. ఆ పేరులేని మనుషుల స్థానం మన విచారణలో ఇంకా ఖాళీగానే ఉన్నది. ఈ వారం మనలో ఒక్కొక్కరం ఆ స్థానంలో నిలబడదాము.